ఒక డిగ్రీ ఉండగా వేరే ఫీల్డ్‌లో ఇంకో డిగ్రీ చేయాలనుకుంటే ఏం చేయాలి, ఏ వరసలో చేయాలి

సివిల్ ఇంజినీరింగ్ చదివి తొమ్మిదేళ్లు సైట్ల మీద పనిచేశాక నేను మళ్లీ క్లాసులో కూర్చున్నది సైకాలజీ కోసం. సేఫ్టీ బెల్ట్ ఇచ్చాం, ట్రైనింగ్ ఇచ్చాం, పక్కవాడు పైనుంచి పడటం కళ్లారా చూశాడు, అయినా రెండు రోజులయ్యేసరికి మనిషి బెల్ట్ విప్పేసి పని చేస్తున్నాడు, ఎందుకు? ఈ ప్రశ్న నన్ను వదల్లేదు, జవాబు నేను చదివిన పుస్తకాల్లో లేదు. అలా వెళ్లాను. వెళ్లిన దారిలో ఒక ఏడాది ఊరికే పోగొట్టుకున్నాను, అది ఎలా పోయిందో కింద చెప్తాను, మీకు అలా కాకూడదనే ఇంత పెద్దగా రాస్తున్నా.

మొదటి డిగ్రీ అప్పుడు మన వయసు వాళ్లంతా వెళ్తుంటారు, మనమూ వెళ్తాం, దారి చూపించేవాళ్లు చుట్టూ ఉంటారు. రెండోసారి అలా ఉండదండి, రూల్స్ కూడా మనలాంటివాళ్లని దృష్టిలో పెట్టుకుని రాసినవి కావు. అందుకే అప్లికేషన్ ఫారం తెరిచే ముందు చేయాల్సిన పనే ఎక్కువ ఉంటుంది.

స్టెప్ 1: మీకు కావాల్సింది డిగ్రీనా, ఆ చదువా? ముందు ఇది తేల్చుకోండి

రెండూ ఒకటే అనిపిస్తుంది గానీ కాదు. కొన్ని పనులకి డిగ్రీ, దాని తర్వాత లైసెన్స్ లేకపోతే చట్టం ఒప్పుకోదు: డాక్టర్, నర్స్, లాయర్, ఫార్మసిస్ట్, చాలా దేశాల్లో క్లినికల్ సైకాలజిస్ట్ కూడా. వీటికి అడ్డదారి లేదు. ఆల్బర్ట్ ష్వైట్జర్‌కి అప్పటికే ఫిలాసఫీలో, థియాలజీలో డాక్టరేట్లు ఉన్నాయి, ఆర్గాన్ వాయించడంలో పెద్ద పేరు ఉంది, అయినా ఆఫ్రికాలో డాక్టర్‌గా పనిచేయాలి అనుకున్నాక 1905లో 30 ఏళ్ల వయసులో మెడిసిన్ మొదటి సంవత్సరం నుంచి మొదలుపెట్టాల్సి వచ్చింది, 1913లో గానీ ఆఫ్రికాలోని లాంబరెనే వెళ్లలేకపోయారు.

ఇంకొన్ని పనులకి డిగ్రీ అడుగుతారు కానీ ఫలానా డిగ్రీయే ఉండాలని రూల్ ఏమీ ఉండదు, పని చేసి చూపించగలిగితే చాలు. సాఫ్ట్‌వేర్, డిజైన్, రాత పనులు, డేటా పనులు చాలావరకు ఇలాంటివే. వీటికి నాలుగేళ్లు పెట్టే ముందు నాలుగు నెలలు పెట్టి చూడొచ్చు. ఇక మూడో రకం, కేవలం ఇష్టం కొద్దీ చదవాలనుకునేవాళ్లు. అది చిన్న కారణం అని ఎవరైనా అంటే పట్టించుకోకండి, కానీ ఇష్టానికి చదివేటప్పుడు డిగ్రీకి కట్టేంత ఫీజు కట్టాలా, లేక రెండు మూడు కోర్సులు మాత్రమే తీసుకుంటే సరిపోతుందా అన్నది లెక్క చూసుకోండి.

ఎలా తెలుస్తుంది అంటే, మీరు చేయాలనుకుంటున్న ఉద్యోగానికి ఒక ఇరవై ప్రకటనలు తీసి, వాటిలో 'తప్పనిసరి' అన్న చోట ఏం రాశారో ఒక కాగితం మీద రాసుకోండి. తర్వాత ఆ పని చేస్తున్నవాళ్లని కనీసం ముగ్గుర్ని పట్టుకుని ఒకే ప్రశ్న అడగండి: "మీ దగ్గర ఈ మధ్య కొత్తగా చేరినవాళ్లు ఏం చదివి వచ్చారు?" మీరేం చదివారు అని అడక్కండి, వాళ్లు చేరినప్పటి రూల్స్ ఇప్పుడు ఉండకపోవచ్చు.

స్టెప్ 2: మళ్లీ బ్యాచిలర్సేనా? చాలామందికి అక్కర్లేదు

నా ఏడాది పోయింది ఇక్కడే. కొత్త ఫీల్డ్ కదా, పునాది నుంచి మొదలుపెట్టాలి అనుకుని సైకాలజీ బ్యాచిలర్స్‌లో చేరిపోయాను, అడ్మిషన్ల దగ్గర ఎవరూ వేరే దారి ఉందని చెప్పలేదు, నేనూ అడగలేదు. రెండు సెమిస్టర్లు అయ్యాక ఒక లెక్చరర్ మాటల్లో తెలిసింది, ఏదో ఒక డిగ్రీ ఉన్నవాళ్లు నేరుగా చేరే కన్వర్షన్ కోర్సు ఉందని, పైగా అది అదే బిల్డింగ్‌లో నడుస్తోందని. ఆ రోజు ఇంటికి వెళ్లి చాలాసేపు ఏమీ మాట్లాడలేకపోయాను.

కాబట్టి మీరు చేరాలనుకుంటున్న చోట ఈ దారులన్నీ ఉన్నాయేమో అడగండి. కన్వర్షన్ మాస్టర్స్ అంటే వేరే సబ్జెక్టులో డిగ్రీ ఉన్నవాళ్ల కోసమే పెట్టినది, బ్రిటన్‌లో కంప్యూటర్ సైన్స్, సైకాలజీ, లా లాంటి వాటికి ఇలాంటివి సాధారణంగా ఫుల్‌టైమ్ ఒక ఏడాదిలో అయిపోతాయి. ఏదో ఒక డిగ్రీ ఉన్నవాళ్ల కోసం నడిపే నర్సింగ్ కోర్సులు అమెరికాలో 12 నుంచి 18 నెలల్లో పూర్తవుతాయి. ఏదో ఒక డిగ్రీ ఉన్నవాళ్లు చేరే గ్రాడ్యుయేట్ ఎంట్రీ మెడిసిన్ బ్రిటన్‌లో చాలావరకు నాలుగేళ్లు. మాస్టర్స్‌కి కావాల్సిన నాలుగైదు కోర్సులు మాత్రమే విడిగా చేసి, తర్వాత నేరుగా మాస్టర్స్‌కి వెళ్లే దారి కూడా చాలా చోట్ల ఉంటుంది, దాన్ని బ్రిడ్జ్ అనో, క్వాలిఫయింగ్ అనో రకరకాల పేర్లతో పిలుస్తారు. ఫిజిక్స్ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ విటెన్ బ్యాచిలర్స్ చేసింది హిస్టరీలో, పీహెచ్‌డీ ఫిజిక్స్‌లో, ఫీల్డ్స్ మెడల్ వచ్చింది గణితానికి. ఆయన స్థాయి వేరు, కానీ రెండో బ్యాచిలర్స్ చేయకుండానే పై మెట్టు ఎక్కే తలుపు ఉంటుంది అని చెప్పడానికి ఆ పేరు తీశాను.

మళ్లీ బ్యాచిలర్సే చేయాల్సిన సందర్భాలూ ఉన్నాయి. లైసెన్స్ ఇచ్చే సంస్థ ఫలానా బ్యాచిలర్సే ఉండాలి అంటే చేయాలి. లేదా ఆ సబ్జెక్టు మెట్టు మీద మెట్టుగా కట్టినదై, మీ దగ్గర కింది మెట్లు ఒక్కటీ లేకపోతే, అంటే స్కూల్ తర్వాత మళ్లీ లెక్కలు ముట్టుకోకుండా ఇంజినీరింగ్‌కి వెళ్లాలనుకుంటే, అప్పుడు షార్ట్‌కట్ వెతకడం కంటే కింద నుంచి ఎక్కడమే త్వరగా అవుతుంది.

స్టెప్ 3: చేరకముందే రెండో సంవత్సరం రుచి చూడండి

అందరూ మొదటి సంవత్సరం ఇంట్రడక్షన్ కోర్సు చూసి ప్రేమలో పడతారు. అది ఎవరికైనా నచ్చేలానే తయారు చేస్తారు. అసలు ఫీల్డ్ ఎలా ఉంటుందో తెలిసేది రెండో సంవత్సరంలో, ఎవరికీ ఇష్టం లేకపోయినా తప్పనిసరిగా చదవాల్సిన కోర్సులో. సైకాలజీలో అది రీసెర్చ్ మెథడ్స్, స్టాటిస్టిక్స్. ఎకనామిక్స్‌లో మొదటి సంవత్సరం తర్వాతి స్థాయి మైక్రోఎకనామిక్స్. కంప్యూటర్ సైన్స్‌లో డేటా స్ట్రక్చర్స్, డిస్క్రీట్ మ్యాథ్స్. బయాలజీలో బయోకెమిస్ట్రీ.

మీ యూనివర్సిటీ వెబ్‌సైట్‌లో సిలబస్ తీసి, ఆ కోర్సు పాఠ్యపుస్తకం పేరు చూసి, లైబ్రరీలో తెచ్చుకుని, ఎనిమిది వారాలు వారానికి ఆరేడు గంటలు కూర్చోండి. ఎంఐటీ ఓపెన్‌కోర్స్‌వేర్ అని ఒకటి ఉంది, 2001లో ప్రకటించారు, లెక్చర్లు, అసైన్‌మెంట్లు, పాత పరీక్ష పేపర్లు ఉచితంగా పెడతారు, సైన్స్, ఇంజినీరింగ్ వాళ్లకి బాగా పనికొస్తుంది. వీడియోలు చూడటం మాత్రం లెక్కలోకి రాదు, చూస్తుంటే అంతా అర్థమైనట్టే ఉంటుంది, అసైన్‌మెంట్ చేస్తేనే తెలుస్తుంది. ఎనిమిది వారాలయ్యాక మిమ్మల్ని మీరు అడగాల్సింది "కష్టంగా ఉందా" అని కాదు (కష్టంగానే ఉంటుంది), "అర్థం కానప్పుడు ఇంకోసారి ట్రై చేయాలనిపించిందా, పుస్తకం మూసేయాలనిపించిందా" అని. ఎక్కువ రోజులు మూసేయాలనిపిస్తే ఆ సమాచారం మీకు దాదాపు ఖర్చు లేకుండా దొరికినట్టే.

ఇంకో సంగతి. ఉన్న ఉద్యోగం మీద విసుగు పుట్టి వేరే ఫీల్డ్ బాగుందనిపిస్తోందా, నిజంగా ఆ ఫీల్డే లాగుతోందా, ఈ తేడా కూడా ఈ ఎనిమిది వారాల్లోనే బయటపడుతుంది. ఆఫీసులో మంచి రోజు గడిచినా సాయంత్రం పుస్తకం తీయాలనిపిస్తే అది విసుగు వల్ల వచ్చినది కాదు.

స్టెప్ 4: బాణాల బొమ్మ గీయండి

క్రెడిట్ ట్రాన్స్‌ఫర్ (పాత డిగ్రీలో చదివిన కోర్సుల క్రెడిట్లని కొత్త డిగ్రీలో లెక్కించడం) గురించి అందరూ ఒకే లెక్క వేస్తారు: నా పాత డిగ్రీ నుంచి ఇన్ని క్రెడిట్లు వస్తాయి, కాబట్టి ఇన్ని ఏళ్లు తగ్గుతాయి. అలా జరగదు. అమెరికన్ పద్ధతిలో బ్యాచిలర్స్‌కి సాధారణంగా 120 క్రెడిట్లు, అందులో పాత డిగ్రీ వల్ల సగం మాఫీ అయ్యాయనుకోండి, మాఫీ అయ్యేవి ఎక్కువగా జనరల్ సబ్జెక్టులు, ఐచ్ఛికాలు. కొత్త ఫీల్డ్ అసలు కోర్సులు అలాగే ఉంటాయి, అవి ఒకదాని తర్వాత ఒకటి గానీ చేయనివ్వరు.

అందుకే సిలబస్ ముందు పెట్టుకుని ఒక పెద్ద కాగితం మీద ప్రతి కోర్సుకీ ఒక డబ్బా గీసి, దేనికి ముందు ఏది చేసి ఉండాలో బాణాలు వేయండి. అన్నిటికంటే పొడుగు బాణాల గొలుసు ఏదో చూడండి. ఆ గొలుసులో ఆరు కోర్సులుంటే, మిగతావన్నీ మాఫీ అయినా సరే మీకు కనీసం ఆరు సెమిస్టర్లు పడుతుంది. గొలుసులో ఏదైనా కోర్సు ఏడాదికి ఒక్కసారే పెడతారా అన్నది కూడా చూడండి, అది ఒకసారి తప్పితే మొత్తం ఏడాది వెనక్కి వెళ్తుంది. సైట్‌లో పని షెడ్యూల్ వేసేటప్పుడు మేం దీన్ని క్రిటికల్ పాత్ అంటాం, స్లాబ్ సెట్ అవ్వకుండా పైన గోడ కట్టలేం కదా, ఇదీ అంతే. నా పాత చదువు ఇక్కడ ఇంత పనికొస్తుందని నేను అనుకోలేదు.

మాఫీ అడగడానికి మార్కుల లిస్టు ఒక్కటే సరిపోదు, మీరు చదివిన సంవత్సరం నాటి సిలబస్ కావాలి, ప్రతి కోర్సులో ఏ చాప్టర్లు, ఎన్ని గంటలు అన్నది. పాత కాలేజీ నుంచి దాన్ని తెప్పించడం అన్నిటికంటే ఆలస్యమయ్యే పని, కాబట్టి ఈ రోజే మెయిల్ పెట్టండి. ఇంకో రెండు ప్రశ్నలు రాతపూర్వకంగా అడగండి: ఇన్నేళ్ల కింద చేసిన కోర్సుని ఒప్పుకుంటారా (సైన్స్, కంప్యూటర్ కోర్సులకి చాలా చోట్ల గడువు ఉంటుంది), డిగ్రీ ఇవ్వాలంటే వాళ్ల దగ్గరే కనీసం ఎన్ని క్రెడిట్లు చేయాలి. నోటి మాట మీద నమ్మకం పెట్టుకోవద్దు, మెయిల్‌లో జవాబు ఉంటేనే లెక్క.

స్టెప్ 5: డబ్బు

చాలామందికి దెబ్బ తగిలేది ఇక్కడ: మొదటి డిగ్రీకి దొరికిన ప్రభుత్వ సాయం రెండోదానికి దొరక్కపోవచ్చు. అమెరికాలో పెల్ గ్రాంట్ దాదాపుగా ఇంకా బ్యాచిలర్స్ లేనివాళ్లకే. ఇంగ్లండ్‌లో, మీకు అప్పటికే ఉన్న డిగ్రీకి సమానమైనది గానీ తక్కువ స్థాయిది గానీ మళ్లీ చేస్తే సాయం కట్ చేసే విధానం 2008లో మొదలైంది, కొన్ని సబ్జెక్టులకి మినహాయింపులతో. బ్యాచిలర్స్ మీద మాస్టర్స్ చేస్తే మాత్రం అది పై స్థాయి కాబట్టి రూల్స్ వేరు. స్టెప్ 2లో చెప్పినదానికి ఇది ఇంకో కారణం.

ఖర్చు లెక్కలో ఫీజు ఒక్కటే వేయకండి, చదివే కాలంలో రాని జీతం కూడా వేయండి, చాలామందికి ఫీజు కంటే అదే పెద్ద అంకె అవుతుంది. మీ కంపెనీ ఫీజు కట్టే పథకం ఉంటే తీసుకోండి, కానీ చదువయ్యాక ఎన్నేళ్లు అక్కడే ఉండాలి, మధ్యలో మానేస్తే తిరిగి కట్టాలా అన్న లైను చదివి సంతకం పెట్టండి. ఓపెన్ యూనివర్సిటీలని కూడా చిన్నచూపు చూడకండి, 1969లో స్థాపించిన బ్రిటన్ ఓపెన్ యూనివర్సిటీలో ఇలా ఉద్యోగాలు చేసుకుంటూ చదివేవాళ్లు చాలామంది ఉంటారు. లైసెన్స్ ఫీల్డ్ అయితే మాత్రం ఆ డిగ్రీని లైసెన్స్ సంస్థ ఒప్పుకుంటుందో లేదో ముందే అడగండి.

స్టెప్ 6: అప్లికేషన్

ట్రాన్స్‌క్రిప్ట్ (కాలేజీ ఇచ్చే అధికారిక మార్కుల లిస్టు) సీల్డ్ కాపీలు అడిగినదానికంటే రెండు ఎక్కువ తెప్పించుకోండి. సర్టిఫికెట్లలో పేరు ఒక్కో చోట ఒక్కోలా ఉంటే ముందే సరిచేయించుకోండి. రికమండేషన్ లెటర్‌కి పాత ప్రొఫెసర్లు మనల్ని గుర్తుపెట్టుకోరు, తప్పు వాళ్లది కాదు, ఇన్నేళ్లయింది మరి. చాలా చోట్ల పనిచేసిన చోట పై అధికారి లెటర్ ఒప్పుకుంటారు. లేదంటే స్టెప్ 2లో చెప్పినట్టు ఒక కోర్సు విడిగా చేస్తే, కొత్త ఫీల్డ్‌లోనే మిమ్మల్ని ఎరిగిన టీచర్ ఒకరు ఉంటారు, ఆ లెటర్‌కి విలువ చాలా ఎక్కువ.

ఎందుకు చేరాలనుకుంటున్నారో రాసే వ్యాసంలో పాత చదువుని తప్పు చేసినట్టు రాయకండి. "ఇంట్లోవాళ్ల కోసం ఇంజినీరింగ్ చేశాను, నా మనసు ఎప్పుడూ ఇక్కడే ఉంది" అని మొదలుపెట్టే వ్యాసాలు చాలా ఉంటాయి, చదివేవాళ్లకి వచ్చే అనుమానం ఒకటే, రేపు దీన్నీ ఇలాగే వదిలేస్తారేమో అని. నేను రాసింది బెల్ట్ విప్పేసే మనిషి గురించి. ఏం చూశాను, ఇంజినీర్‌గా ఏం చేసి చూశాం, అది ఎక్కడ ఆగిపోయింది, ఆ తర్వాత ఏం చదివాను, ఇంకా ఏం తెలియాలి. పాత పనిలో పుట్టిన ప్రశ్నకి కొత్త ఫీల్డ్‌లో జవాబు వెతుక్కుంటున్నారు అన్నది కనిపిస్తే పాత పనిలో గడిపిన ఏళ్లు మీకు అడ్డం కాదు, మీ బలం.

స్టెప్ 7: గంటలు లెక్కపెట్టండి, ఇంట్లో కూర్చుని మాట్లాడండి

యూరప్‌లో చదువుని కొలిచే ఈసీటీఎస్ అనే క్రెడిట్ల పద్ధతిలో ఫుల్‌టైమ్ ఏడాదికి 60 క్రెడిట్లు, ఒక్కో క్రెడిట్‌కి 25 నుంచి 30 గంటల పని. అంటే ఏడాదికి 1500 నుంచి 1800 గంటలు, ఒక పూర్తి ఉద్యోగమంత. అందులో సగం తీసుకుని నలభై వారాలకి పంచినా వారానికి దాదాపు 19 నుంచి 23 గంటలు పడుతుంది. ఉద్యోగం చేస్తూ ఈ గంటలు ఎక్కడి నుంచి వస్తాయి? నిద్రలోంచి తీస్తే రెండు నెలలకి మించి నడవదు. ఇంకో మనిషి చేతుల్లో పడే పని నుంచే వస్తాయి చాలాసార్లు, కాబట్టి ఆ మనిషితో ముందే మాట్లాడాలి: ఏ రోజు సాయంత్రాలు నేనుండను, పరీక్షల వారం పిల్లల్ని ఎవరు చూస్తారు, ఇది ఎన్నాళ్లు. ఎన్నాళ్లు అన్నదానికి స్టెప్ 4 బొమ్మ చూపించి తేదీ చెప్పండి. తేదీ తెలిస్తే ఇంట్లోవాళ్లు చాలా భరిస్తారు, తెలియకపోతే నెల నెలకీ ఓపిక తగ్గిపోతుంది.

స్టెప్ 8: మొదటి సెమిస్టర్

ఒక కోర్సు తక్కువ తీసుకోండి. మళ్లీ చదువులో పడటమే ఒక కోర్సంత పని.

నాకు అన్నిటికంటే కష్టమైంది కొత్త పదాలు కాదండి, తెలిసిన పదాలు. స్ట్రెస్ అంటే నాకు తొమ్మిదేళ్లుగా ఒక చదరపు మిల్లీమీటర్ మీద ఎంత బలం పడుతోంది అన్నది. రీఇన్‌ఫోర్స్‌మెంట్ అంటే కాంక్రీట్‌లో వేసే ఇనుప చువ్వలు. రిలయబిలిటీ అంటే ఒక భాగం ఇన్నేళ్లు పాడవకుండా పనిచేస్తుందా అన్నది. సైకాలజీలో ఈ మూడూ ఉన్నాయి, మూడింటికీ అర్థాలు వేరే: స్ట్రెస్ అంటే మనిషి మీద పడే ఒత్తిడి, రీఇన్‌ఫోర్స్‌మెంట్ అంటే ఒక ప్రవర్తన మళ్లీ జరిగేలా చేసేది, రిలయబిలిటీ అంటే ఒక టెస్ట్‌తో మళ్లీ మళ్లీ కొలిచినా అదే ఫలితం రావడం. తెలియని పదమైతే ఆగి చూసుకుంటాం, తెలిసిన పదమైతే ఆగం, పాత అర్థంతోనే పేజీలు పేజీలు చదివేస్తాం, చివరికి ఏదో తేడా కొడుతుంది గానీ ఎక్కడో తెలీదు. అందుకే మొదటి వారం నుంచి ఒక నోట్‌బుక్ పెట్టి ఎడమ పక్క పాత ఫీల్డ్‌లో అర్థం, కుడి పక్క కొత్త ఫీల్డ్‌లో అర్థం రాసుకుంటూ వెళ్లండి. నా నోట్‌బుక్‌లో మొదటి సెమిస్టర్ అయ్యేసరికి డెబ్బై దాకా పదాలు చేరాయి.

రాత కూడా మారుతుంది. ఇంజినీరింగ్‌లో జవాబు ఒకటుంటుంది, రెండు గీతలు కొట్టి కింద రాస్తాం. ఇక్కడ ఈ స్టడీ ఇలా అంది, ఇంకోటి అలా అంది, దేన్ని ఎంతవరకు నమ్మొచ్చు, ఎందుకు అని వాదించాలి, ప్రతి మాటకీ ఆధారం ఫలానా ఫార్మాట్‌లోనే చూపించాలి. నా మొదటి వ్యాసం తిరిగొచ్చినప్పుడు పేజీ నిండా ఒకటే ప్రశ్న: "ఎలా తెలుసు?" తర్వాతి వారం మంచి మార్కులొచ్చిన పాత వ్యాసాలు రెండు అడిగి తెచ్చుకుని, ఒక్కో పేరాలో ఒక్కో వాక్యం ఏ పని చేస్తోందో మార్జిన్‌లో రాసుకున్నాను. ఏ గైడ్‌బుక్ కంటే అదే ఎక్కువ నేర్పింది.

గుర్తుండటం లేదు, వయసైపోయింది అని భయపడేవాళ్లు చదివే పద్ధతి ఒకసారి చూసుకోండి. 2006లో రోడిగర్, కార్పికీ అనే సైకాలజిస్టులు ప్రచురించిన ప్రయోగంలో, మళ్లీ మళ్లీ చదివినవాళ్లు ఐదు నిమిషాల తర్వాత పెట్టిన టెస్టులో ముందున్నారు, కానీ వారం తర్వాత చూస్తే చదవడం తగ్గించి తమని తామే టెస్ట్ చేసుకున్నవాళ్లకే ఎక్కువ గుర్తుంది. కాబట్టి పుస్తకం మూసి ఖాళీ కాగితం మీద గుర్తున్నది రాయండి, తర్వాత తెరిచి ఏం వదిలేశారో చూడండి. ఉద్యోగం చేసేవాళ్లకి ఇంకో లాభం, ఇది బస్సులో కూడా చేయొచ్చు.

క్లాసులో మీకంటే పదిహేనేళ్లు చిన్నవాళ్లు ఉంటారు. మొదటి రెండు వారాలే ఇబ్బంది. వాళ్లకి మీ పని అనుభవం కావాలి, మీకు వాళ్ల దగ్గర తాజాగా ఉన్న బేసిక్స్ కావాలి, ముగ్గురు నలుగురితో వారానికి ఒకసారి కూర్చునే అలవాటు మొదట్లోనే చేసుకోండి. ప్రొఫెసర్లు విద్యార్థుల కోసం కేటాయించే గంటలుంటాయి, ఎవరూ వెళ్లరు, మీరు వెళ్లండి, ఆ గదిలోనే నాకు కన్వర్షన్ కోర్సు సంగతి తెలిసింది.

చేరిన రోజే క్యాలెండర్‌లో మూడు తేదీలు రాసిపెట్టుకోండి: ఫీజు వెనక్కి ఇచ్చే ఆఖరి తేదీ, మార్కుల లిస్టులో పడకుండా కోర్సు వదిలేయగల ఆఖరి తేదీ, సెమిస్టర్ సెలవు పెట్టుకోవడానికి ఆఖరి తేదీ. ఒక్కో తేదీకి వారం ముందు స్టెప్ 1లో రాసుకున్న కాగితం, స్టెప్ 4 బొమ్మ పక్కపక్కన పెట్టి కూర్చోండి. మా ఇంట్లో ఒకరికి ఆరోగ్యం బాలేక రెండో సెమిస్టర్‌లో నేను ఒక కోర్సు వదిలేయాల్సి వచ్చినప్పుడు, ఆ తేదీకి ఇంకా నాలుగు రోజులు టైముంది కాబట్టి మార్కుల లిస్టు మీద మచ్చ పడలేదు, తర్వాతి ఏడాది అదే కోర్సు మళ్లీ తీసుకున్నాను.